కిన్నెరసాని మొసలి, మా మడుగులో చేప

ఈసారి పోస్టు కొంచెం పెద్దది. నాట్ల పని మధ్యలో రాత్రిళ్ళు కూర్చొని నాలుగు రోజులు రాశాను. తీరిక దొరికినప్పుడే చదవండి, తొందరేం లేదు.

సంగతి ఎక్కడ మొదలైందంటే, తొలకరి పడి మా వాగులో కొత్తనీరు వచ్చిన మూడోనాడు మా ఊరి కుర్రోళ్ళు నలుగురు బ్యాటరీ, ఇన్వర్టరు పట్టుకొని చేపలకు పోయారు. అందులో మా పెద్దోడు ఒకడు. రెండు తీగలు నీళ్ళలో పెట్టి కరెంటు వదిలితే ఆ చుట్టుపక్కల ఉన్న చేపంతా తెల్లగా తేలిపోతది. ఏరుకోవడమే పని. సాయంత్రం బకెట్ తెచ్చి అరుగు మీద పెట్టాడు. చూస్తే వేలెడంత పరకలు, గుడ్లతో పొట్ట ఉబ్బిన జెల్లలు, ఒక బొమ్మిడాయి, కొర్రమట్ట పిల్లలు. అంతా కలిపి అమ్మినా వంద రూపాయలు రావు. నేను కేకలేశా. వాడు నిదానంగా అన్నాడు: "చేపల్నీ మొసళ్ళనీ కాపాడటానికి గవర్నమెంటు కిన్నెరసానిలో అభయారణ్యం పెట్టింది కదా నాయనా. అక్కడ కాపాడుతున్నారు. మన వాగులో నాలుగు పరకలు పడితే ఏం మునిగింది?"

నాకు వెంటనే జవాబు దొరకలా. ఇంటర్ దాకా చదివినోణ్ణి, పేపరు రోజూ చదివేవాణ్ణి, అయినా నోరు పెగల్లా. వాడు అడిగినదాంట్లో న్యాయం ఉంది. అభయారణ్యం అని గీత గీసి బోర్డు పెడితే నీళ్ళలో ఉండే జీవి నిజంగా బతుకుతుందా? బతికితే ఏది బతుకుతుంది, ఏది బతకదు? అప్పటినుంచి తెలిసినవాళ్ళను అడిగి, పాత సంగతులు తిరగేసి, నాకు అర్థమైన మేరకు రాస్తున్నా.

ముందు మన గోదారి సంగతి. భద్రాచలం తాలూకా 1874 నుంచి మద్రాసు వాళ్ళ గోదావరి జిల్లాలో ఉండేది. ఇవతల ఒడ్డు పాల్వంచ వైపు నిజాం రాజ్యం. 1959లో గానీ భద్రాచలాన్ని ఖమ్మం జిల్లాలో కలపలేదు. అంటే మన తాతల కాలంలో ఈ నది ఊళ్ళ మధ్య నది కాదు, రెండు రాజ్యాల మధ్య సరిహద్దు. అడవికి అటు ఒక లెక్క, ఇటు ఒక లెక్క ఉండేది. కలప ఎవరు కొట్టాలి, పశువులు ఎక్కడ మేయాలి, పోడు ఎవరు చెయ్యాలి, అన్నిటికీ కాగితాలు పుట్టాయి. నీళ్ళలో చేపకి మాత్రం కాగితం లేదు. అది అటూ ఇటూ ఈదుతూ ఉండేది.

చేపకి మొదటి దెబ్బ అడవిలో తగల్లేదు, ఎక్కడో కింద ధవళేశ్వరం దగ్గర తగిలింది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో ఆనకట్ట పూర్తిచేశాడు. డెల్టా బాగుపడింది. దాన్ని కాదనేవాడు రైతు కాదు. కానీ పులస ఉంది చూడండి, అది సముద్రంలో బతికి, గోదారికి ఎర్రనీరు వచ్చినప్పుడు గుడ్లు పెట్టడానికి నదికి ఎదురెక్కే చేప. ఆనకట్ట దాని దారికి అడ్డం పడింది. ఇప్పుడు పులస అంటే ధవళేశ్వరం కింద, యానాం దాకా దొరికే చేప. వేల రూపాయలు పెట్టి కొని ఫోటో దిగే చేప. ఫ్రాన్సిస్ డే అని మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన ఇంగ్లీషాయన మన దేశం మంచినీటి చేపల మీద 1873లో ప్రభుత్వానికి పెద్ద నివేదిక ఇచ్చాడు. నదులకు అడ్డంగా కట్టిన కట్టలు వలస చేపను ఆపేస్తున్నాయనీ, చేప ఎక్కిపోవడానికి దారులు పెట్టాలనీ అప్పుడే చెప్పాడు. నూటయాభై ఏళ్ళ కిందటి మాట అది.

మనకు దగ్గరలో ఇంకోటుంది. దుమ్ముగూడెం ఆనకట్ట. దాన్ని చూడని వాళ్ళు మనలో తక్కువ. గోదారిలో రాళ్ళున్న చోట పడవలు పోవని, పైనున్న పత్తి ప్రాంతం నుంచి సముద్రం దాకా పడవల దారి చెయ్యాలని తెల్లదొరలు మొదలుపెట్టిన పని అది. లాకులు కట్టారు, కాలవ తవ్వారు. ఖర్చు తట్టుకోలేక 1871లో మొత్తం పని ఆపేశారు. పడవలు పోలేదు, కట్ట మాత్రం మిగిలింది. మా నాయన అంటుండేవాడు, "దొర పడవ పోలేదు గానీ చేప మాత్రం ఆగింది" అని. అప్పుడు నవ్వేవాళ్ళం.

1897లో చేపల చట్టం ఒకటి వచ్చింది. నీళ్ళలో మందుగుండు పేల్చి చేపలు చంపినా, విషం కలిపి చంపినా నేరం అని అందులో రాశారు. అంటే మా పెద్దోడి బ్యాటరీకి ముత్తాతలు అప్పటికే ఉన్నారన్నమాట. మన గూడేల్లో మంగ కాయలు దంచి ఎండాకాలం మడుగులో కలిపే పద్ధతి కూడా ఉండేది. కానీ దానికో కట్టడి ఉండేది. ఏడాదికి ఒకసారి, ఊరంతా కలిసి, పెద్దలు చెప్పిన రోజున. ఎవడికి బుద్ధి పుడితే వాడు రోజూ పోయేది కాదు.

ఇప్పుడు మొసలి దగ్గరికి వద్దాం. తోలు కోసం, తుపాకీ సరదా కోసం చంపీ చంపీ 1970ల నాటికి దేశంలో మొసళ్ళు దాదాపు అడుగంటాయి. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పంపిన బస్టర్డ్ అనే నిపుణుడి సలహాతో 1975లో మొసళ్ళ ప్రాజెక్టు మొదలైంది. గుడ్లు ఏరుకొచ్చి, పొదిగించి, పిల్లలు కొంచెం పెద్దయ్యాక నదుల్లో వదలడం. దీనికి శిక్షణ ఇచ్చే సంస్థ హైదరాబాద్‌లోనే 1980లో పెట్టారు. పిల్లల్ని వదలాలంటే భద్రమైన నీళ్ళు కావాలి కదా. అందుకని నీళ్ళున్న చోట్ల అభయారణ్యాలు గీశారు. మన కిన్నెరసాని 1977. మెదక్ వైపు మంజీర 1978. పాపికొండలు 1978.

కిన్నెరసాని సంగతి మనకు ఇంటి సంగతి, కాబట్టి కొంచెం ఆగి చెప్తా. మేడారం, తాడ్వాయి గుట్టల్లో పుట్టి, గుండాల అడవుల మీదుగా వచ్చి, బూర్గంపాడు దగ్గర గోదారిలో కలిసే వాగు అది. 1960లలో పాల్వంచ కరెంటు కేంద్రానికి నీళ్ళ కోసం దానికి అడ్డంగా డ్యామ్ కట్టారు. డ్యామ్ ముందు, అభయారణ్యం తర్వాత. ఈ వరస గుర్తుపెట్టుకోండి. దాదాపు 635 చదరపు కిలోమీటర్ల అడవికి గీత గీశారు, ఆ గీతలోనే జలాశయం ఉంది.

మరి లాభం జరగలేదా? జరిగింది. అబద్ధం ఎందుకు చెప్పాలి. జలాశయంలో మొసళ్ళు ఉన్నయ్. ఎండ కాసేటప్పుడు ఒడ్డున నోరు తెరుచుకొని పడుకున్న మొసలిని మా పిల్లలు కూడా చూసొచ్చారు. మన దగ్గర ఉండే రకం మొసలి నిలవ నీటికి అలవాటు పడే జీవి. దానికి లోతు నీళ్ళు, ఎండ కాయడానికి ఒడ్డు, ఎండాకాలంలో గుడ్లు పెట్టుకోవడానికి కాస్త మెత్తని నేల ఉంటే చాలు. జలాశయం దానికి సరిపోయింది. దాన్ని చంపే తుపాకీని చట్టం ఆపింది. రెండూ కుదిరాయి, బతికింది. ఇంకో లాభం కూడా ఉంది. పైన అడవి నిలబడింది కాబట్టి వానకి కొట్టుకొచ్చే మట్టి తక్కువ. పోడు కొట్టిన గుట్ట కింద కుంట ఎన్నేళ్ళకు పూడుతుందో, అడవి కింద కుంట ఎన్నేళ్ళకు పూడుతుందో మనకు వేరే చెప్పాలా?

కానీ చేప? కొత్తనీటికి ఎదురెక్కి గుడ్లు పెట్టే చేపకి పారే నీరు కావాలి, అడ్డం లేని దారి కావాలి. బొచ్చె, మోసు లాంటివి వరదలో గుడ్లు వదిలే రకాలు. నిలవ నీటిలో పెరుగుతాయి గానీ పిల్లల్ని పెట్టవు. అందుకే జలాశయాల్లో, చెరువుల్లో ఏటా చేపపిల్లల్ని కొని వదలాల్సి వస్తుంది. గోదారి నుంచి కిన్నెరసానిలోకి ఎక్కొచ్చే చేప డ్యామ్ గోడ దగ్గర ఆగిపోతది. గోడకి పైన అభయారణ్యం ఉంది, కింద లేదు. గోడకి కింద వాగు మనది, అంటే ఎవరిదీ కాదు. గేట్లు ఎత్తితే వరద, దించితే ఇసుక.

అడవిలో జింకకి గీత గీస్తే పని జరుగుతది. దాని మేత, దాని నీళ్ళు, దాని పిల్లలు అన్నీ ఆ గీతలోనే ఉంటయ్. నీళ్ళ జీవి సంగతి అట్లా కాదు. దాని మంచీ చెడూ పైనుంచి వస్తది, దాని పిల్లలు కిందికి పోతయ్. పొలం చుట్టూ ముళ్ళకంచె వేస్తే పశువు ఆగుతది. పక్క పొలంలోంచి వచ్చే కాలవ నీళ్ళు ఆగుతయ్యా?

మంజీరలో ఇది ఇంకా బాగా కనపడుతుంది. సింగూరు డ్యామ్‌కీ మంజీర బ్యారేజీకీ మధ్య 36 కిలోమీటర్ల నది పొడవునా అభయారణ్యం. అంటే ఇది అడవి కోసం గీసింది కాదు, నది కోసమే గీసింది. మొసళ్ళు పెరిగాయి, పక్షులు వచ్చాయి. అయితే ఆ నీళ్ళు హైదరాబాద్ తాగే నీళ్ళు. పైనేమో సింగూరు తాళం, కిందేమో పట్నం దాహం. 2016 ఎండాకాలం గుర్తుందా? వరసగా కరువు వచ్చి సింగూరు, మంజీర రెండూ ఎండిపోయాయి. మొసలిని చంపితే జైలు. నది ఎండితే ఎవరికి జైలు? చివరి ఆయకట్టు రైతుకి పాస్ పుస్తకం ఉంటది, నీళ్ళు రావు. ఆ ఏడు మంజీర మొసలి పరిస్థితి సరిగ్గా అదే.

మంథని వైపు శివారం అభయారణ్యం కూడా గోదారి మొసళ్ళ కోసం పెట్టిందే. చాలా చిన్నది, 30 చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు. ఎల్ మడుగు దగ్గర మొసళ్ళకు పేరు. ఆ పక్కనే 2019లో కాళేశ్వరం బ్యారేజీల నీళ్ళు నిలిచాయి, సుందిళ్ళ బ్యారేజీ దగ్గరే. గీత అక్కడే ఉంది, నది మారిపోయింది. పాపికొండలూ అంతే. 2008లో జాతీయ పార్కు అయింది, వెయ్యి చదరపు కిలోమీటర్లు దాటింది, మధ్యలో గోదారి. 2021 జూన్‌లో పోలవరం దగ్గర గోదారిని స్పిల్‌వే మీదికి మళ్ళించారు. పార్కు మధ్యలో పారే నది క్రమంగా జలాశయం అవుతోంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటిన వరదలో పోలవరం పాత్ర ఎంత అనే గొడవ ఉంది చూడండి, అది ఇంకో పోస్టు రాయాల్సినంత ఉంది, ఇక్కడ తెరవను.

చట్టంలో ఏముందో కూడా చూశా. వన్యప్రాణి చట్టం 29వ సెక్షన్లో ఒక మాట ఉంది. అభయారణ్యంలోకి వచ్చే నీళ్ళని గానీ, బయటికి పోయే నీళ్ళని గానీ అనుమతి లేకుండా మళ్ళించకూడదు, ఆపకూడదు, పెంచకూడదు అని. మంచి మాట. కానీ అది 2002 సవరణలో వచ్చి చేరింది. అంతకుముందు ముప్పై ఏళ్ళ పాటు జంతువు గురించి రాశారు గానీ దాని కింద పారే నీళ్ళ గురించి ఆ వాక్యం లేదు. అప్పటికే మన డ్యామ్‌లు కట్టేసి ఉన్నయ్. ఇంకో విచిత్రం చెప్తా. మన వరి మడుల్లో, కుంటల్లో దొరికే మెత్తచిప్ప తాబేలు ఉంది కదా, దానికి ఆ చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూల్. కూరొండుకుంటే పులిని చంపినట్టే లెక్క. అదే మడిలో మనం కొట్టే మందుకి చచ్చిపోతే ఏ లెక్కా లేదు.

కొల్లేరు గురించి రెండు ముక్కలు రాయకపోతే ఈ కథ పూర్తికాదు, ఎందుకంటే అక్కడ దెబ్బ తిన్నది కూడా మనలాంటి చిన్నోళ్ళే. మొదట చేపల చెరువులు తవ్వుకోమని ప్రోత్సహించింది ప్రభుత్వమే. తర్వాత డబ్బున్నోళ్ళు దిగారు, సరస్సు మొత్తం గట్లే గట్లు. 1999లో ఐదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అన్నారు. 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో, అదే రామ్‌సార్ జాబితాలో చేర్చారు. కాగితం మీద ఇంతకన్నా పెద్ద రక్షణ ఏముంది? చెరువులు మాత్రం ఆగలేదు. 2006లో కోర్టు ఆదేశం మీద పెద్ద ఎత్తున గట్లు తెంచారు. కొన్నాళ్ళకు మళ్ళీ లేచాయి. పెద్ద రైతు కోలుకున్నాడు. సొసైటీలో వాటా ఉన్న పేదోడు, వలేసుకొని బతికే వడ్డి కులపోడు నష్టపోయారు. పైగా బుడమేరు, తమ్మిలేరు తెచ్చే పట్నాల మురుగు, పొలాల మందు ఐదో కాంటూరు దగ్గర ఆగి "ఇది అభయారణ్యం, లోపలికి రాకూడదు" అనుకోవు కదా.

ఇదంతా మన దగ్గర మాత్రమేనా అని అనుమానం వచ్చింది. 2020లో కొందరు పరిశోధకులు ప్రపంచం మొత్తం మీద నదులు, సరస్సులు, చిత్తడి నేలల్లో రక్షిత ప్రాంతాల వల్ల నిజంగా మేలు జరిగిందా అని వెతికారు. రెండున్నర వేలకు పైగా వ్యాసాలు తిరగేస్తే అంకెలతో లెక్క చూపించినవి 44 మాత్రమే దొరికాయట. వాటిల్లో 75 ఉదాహరణలు. అందులో 38 చోట్ల మేలు జరిగింది. 25 చోట్ల మేలూ లేదు, కీడూ లేదు. 12 చోట్ల పరిస్థితి ఇంకా దిగజారింది. అంటే బోర్డు పెట్టిన రెండు చోట్లలో ఒక చోట పని జరిగినట్టు. మన విత్తనాల కంపెనీ వాడు రెండు ప్యాకెట్లలో ఒకటే మొలుస్తది అంటే మనం ఊరుకుంటామా? కానీ ఒకటి మొలిచింది కదా, అది ఎందుకు మొలిచిందో చూడాలి గదా.

అట్లా వెతుకుతుంటే థాయ్‌లాండ్ సంగతి తెలిసింది. నాకు ఈ మొత్తంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. అక్కడ సాల్వీన్ నది పరీవాహక ప్రాంతంలో ఉన్న మే ఎన్‌గావ్ అనే కొండవాగు ఒకటుంది. దాని ఒడ్డున మన కోయగూడేల్లాంటి కరెన్ అనే గిరిజనుల ఊళ్ళు. గవర్నమెంటు చెప్పకుండా, ఎవరూ కలిపి నడిపించకుండా, ఒక ఊరిని చూసి ఇంకో ఊరు వాగులో తమ ఊరి ముందున్న చిన్న ముక్కని వదిలేసుకున్నారు. ఆ ముక్కలో ఎవరూ చేపలు పట్టకూడదు, పడితే జరిమానా. మిగతా వాగంతా ఎప్పట్లాగే పట్టుకోవచ్చు. అట్లా 23 ఊళ్ళు. ఇవన్నీ పాతికేళ్ళ లోపు పెట్టుకున్నవే. పరిశోధకులు పోయి లెక్కపెడితే, వదిలేసిన ముక్కల్లో చేపల రకాలు పక్కన పట్టే చోట్లకన్నా పాతిక శాతం పైగా ఎక్కువ, చేపల సంఖ్య రెట్టింపుకి పైన, బరువు లెక్కలో ఇరవై రెట్లు దాటింది. ఇరవై శాతం కాదు, ఇరవై రెట్లు. నేను రెండుసార్లు చదువుకున్నా.

ఎందుకు అట్లా? ముక్క కొంచెం పెద్దదైతే, జరిమానా గట్టిగా వసూలు చేస్తే ఎక్కువ ఫలితం. ఇంకోటి, పక్కపక్క ఊళ్ళు కూడా వదిలేసి ఉంటే ఇంకా ఎక్కువ ఫలితం. మధ్యలో ఉన్న ఊరికి అన్నిటికన్నా లాభం. పైన ఊరి ముక్కలో పుట్టిన పిల్ల కిందికి వస్తది, కింద పెరిగిన చేప పైకి ఎక్కుతది. అంటే అక్కడి జనం ఒక పెద్ద గీత గియ్యలేదు, వాగు పొడుగునా చిన్న చిన్న ముడులు వేశారు. మన దేశంలోనూ ఇలాంటిది లేకపోలేదు. శృంగేరి దగ్గర తుంగ నదిలో గుడి మెట్ల ముందు చేపల్ని ఎవరూ ముట్టరు. చేతిలోంచి మరమరాలు తింటాయి అంత అంత చేపలు. అక్కడ కాపలా కాసేది భక్తి, మే ఎన్‌గావ్‌లో కాసేది పక్కింటోడి కన్ను.

ఇక మా వాగు. మా ఊరి కింద వాగు మలుపులో ఒక మడుగు ఉంది. ఎండాకాలం వాగంతా ఇసుకమేట అయినా ఆ మడుగులో మాత్రం నిలువెత్తు నీళ్ళు ఉండేవి. వాగులో ఉన్న చేపంతా వేసవిలో అందులోకే చేరేది. తొలకరికి వాగు కలిసిపోగానే అక్కణ్ణుంచే పైకీ కిందికీ పాకేది. మడుగు అంటే వాగుకి విత్తనాల గాదె. మా నాయన నాకు ఎనిమిది తొమ్మిదేళ్ళప్పుడు ఒకరోజు తెల్లారగట్ల తీసుకుపోయి, చప్పుడు చెయ్యొద్దని నోటి మీద వేలేసి, ఒడ్డున ఆడుకుంటున్న నీటికుక్కల్ని చూపించాడు. నాలుగో ఐదో ఉన్నయ్. ఈల వేసినట్టు అరుచుకుంటూ నీళ్ళలోకి జారిపోయాయి. ఊత పట్టేవాళ్ళు, మావులు పెట్టేవాళ్ళు, గాలం వేసేవాళ్ళు అందరూ వాగులో పట్టేవాళ్ళు గానీ, ఎండాకాలం ఆ మడుగులో మాత్రం అమ్మవారి జాతర ముందు రోజు తప్ప దిగేవాళ్ళు కాదు. ఎందుకని ఎవర్నీ అడగలేదు. అట్లా ఉండేది, అంతే.

ఆ మడుగుని చెడగొట్టిన వాళ్ళలో నేనూ ఉన్నా. ఇది చెప్పకుండా మా పెద్దోణ్ణి తిట్టే హక్కు నాకు లేదు. పత్తి కొత్తగా వచ్చిన రోజులు, నాకు ఇరవై మూడో ఇరవై నాలుగో ఏళ్ళు. కాయతొలుచు పురుగు ఊళ్ళకి ఊళ్ళని తినేస్తోంది. ఎండోసల్ఫాన్ కొట్టేవాళ్ళం, అది ఆగకపోతే రెండు మందులు కలిపి కొట్టేవాళ్ళం. సాయంత్రం పంపు కడుక్కోవడానికి మడుగు ఒడ్డే దగ్గర. నేనూ, మా బాబాయి కొడుకూ పంపులు కడిగాం, డబ్బాలు అక్కడే పారేశాం. తెల్లారి పశువుల్ని తోలుకుపోయిన పిలగాడు పరిగెత్తుకొచ్చాడు. పోయి చూస్తే పరకల నుంచి మోచెయ్యంత వాలుగ దాకా పొట్టలు తెల్లగా పైకి పెట్టి. ఊళ్ళో కొంతమంది ఏరుకొని వండుకున్నారు కూడా, ఎవరికీ ఏం కాలేదు, అదృష్టం. నేను మాత్రం ఆ రోజు అన్నం తినలా. మా నాయన ఏమీ అనలేదు. పంపు తీసుకుపోయి పశువులకొట్టం వెనక, వాగుకి దూరంగా పెట్టాడు. ఎండోసల్ఫాన్‌ని 2011లో సుప్రీంకోర్టు ఆపేసింది. ఇప్పుడు మిర్చికి మనం కొట్టేవాటిల్లో కూడా చేపకి చుక్క చాలు అన్న మందులున్నయ్. డబ్బా మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటది, చదివి చూడండి.

ఆ తర్వాత మడుగు పూర్తిగా కోలుకోలా. ఇసుక తోలకం వచ్చి సగం లోతు పోయింది. నీటికుక్కని చూసి నాకు ముప్పై ఏళ్ళు దాటింది. మా పెద్దోడు దాన్ని చూడనే లేదు, ఫోన్లో తప్ప.

కాబట్టి వాడి ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇది. కిన్నెరసానిలో గీత మొసలిని కాపాడింది, మన వాగులో పరకని కాపాడలేదు, కాపాడలేదు కూడా. అక్కడినుంచి ఇక్కడికి చేప రావడానికి మధ్యలో గోడ ఉంది. ఇక్కడ అయిపోతే అక్కణ్ణుంచి ఎవరూ పంపరు. అభయారణ్యం ఉంది కదా అని వాగుని వదిలేస్తే, బ్యాంకులో పక్కోడి డబ్బు ఉంది కదా అని మనం అప్పు చేసినట్టు.

మరి ఏం చెయ్యొచ్చు? అభయారణ్యం అనే మాట వింటేనే మనకు భయం. నిజమే. గీత గీస్తే ముందు మన గొడ్డుకి మేత పోతది, తర్వాత మన పోడు పోతది, ఫారెస్టోళ్ళతో గొడవ. ఆ భయం ఉత్తది కాదు. అందుకే నేను గవర్నమెంటు గీత అడగట్లా. మనది షెడ్యూల్డ్ ఏరియా. 1996 పీసా చట్టంలో చిన్న నీటి వనరుల నిర్వహణ పంచాయతీలకు అప్పజెప్పాలని ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం అంటే మనం పోడు పట్టాలే అనుకుంటాం. అదే చట్టంలో నీటి వనరుల్లో చేపల మీద ఊరికి ఉమ్మడి హక్కు ఉందని రాసి ఉంది. వాగులు, నీటి జాగాలు పాడవకుండా చూసుకునే అధికారం గ్రామసభకి ఉందని ఐదో సెక్షన్లో ఉంది. అంటే హక్కూ మనదే, కాపలా కూడా మనదే. పట్టా కోసం ఎన్నిసార్లు ఆఫీసుల చుట్టూ తిరిగామో, ఈ రెండో ముక్క కోసం ఒక్కసారి కూడా ఎవరం తిరగలా. నేను కూడా.

వచ్చే గ్రామసభలో ఈ మాట పెడదామనుకుంటున్నా. మడుగు, దానికి పైన కిందా కలిపి వాగులో ఒక రెండు వందల గజాలు. అందులో చేప పట్టొద్దు, పంపు కడగొద్దు, ఇసుక తియ్యొద్దు. మిగతా వాగులో వల, గాలం, ఊత ఎవరిష్టం వాళ్ళది, బ్యాటరీ మాత్రం ఎక్కడా వద్దు. జరిమానా ఎంత అనేది సభే తేల్చాలి. పెద్దమ్మ గుడి పూజారి ఒప్పుకున్నాడు, పటేల్‌గూడెం వైపు ఇద్దరు పెద్దమనుషులు ఒప్పుకున్నారు. మత్స్యకారుల సంఘంలో ఒకాయన మాత్రం "ఎండాకాలం నా పిల్లలకు ఏం పెట్టమంటావ్" అని అడిగాడు. అది ఉత్త మాట కాదు. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, మొదటి రెండేళ్ళు ఆయనకి కష్టమే.

మా పెద్దోడికి రాత్రి ఇదంతా చదివి వినిపించా. అంతా విని అన్నాడు, "మనం వదిలేస్తాం సరే. పై ఊళ్ళో మిర్చి మందు వాగులో కడిగితే మన మడుగు ఏమవుతది? నువ్వే కదా చెప్పింది, నీళ్ళు గీత దగ్గర ఆగవని." వాడు నా మాటతోనే నన్ను పట్టాడు. బ్యాటరీ మాత్రం అటక మీద పెట్టాడు, ఎన్నాళ్ళుంటదో తెలీదు.

బుధవారం పొద్దున పై ఊరికి పోతున్నా, అక్కడ మిర్చి నారు పోసుకున్న రైతులతో మాట్లాడటానికి. వాడు కూడా వస్తానన్నాడు. మీలో ఆ వాగు మీద పొలాలున్న వాళ్ళెవరైనా ఉంటే ఈ రెండు రోజుల్లో నాకు చెప్పండి, మీ దగ్గరికి కూడా వస్తాం. మీ ఊళ్ళో ఎండాకాలం నీళ్ళు నిలిచే మడుగు ఉంటే దాని పేరు, అది వాగులో ఏ మలుపు దగ్గర ఉందో కూడా రాయండి.